తేనె పట్టిన తిత్తి

"అత్తయ్యా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

తేజశ్రీ మూడోసారి అడిగింది. ఈసారి గొంతు పెంచలేదు. శకుంతలకు దానికే ఎక్కువ భయం వేసింది.

హాలు మధ్యలో నిలబడి కోడలు మళ్ళీ ఊదింది. చంకలోని బ్యాగ్‌పైప్ తోలుసంచి నిండినట్టే నిండి మెల్లగా కుంగిపోయింది. భుజం మీది మూడు గొట్టాలు ఒక్క క్షణం కలిసి మోగాయి. తర్వాత ఒకదాని వెనక ఒకటి శ్రుతి తప్పి, జబ్బుపడిన దూడలా మూలిగి ఆగిపోయాయి. సంచి కుట్టు వెంబడి గాలి సన్నగా బుసకొడుతూ బయటికి పోతోంది. ఆ చప్పుడు వంటింట్లో నిలబడ్డ శకుంతల దాకా వినబడింది.

"హీటర్ వేడికి ఎండిపోయుంటుందిలే," అన్నాడు శ్రీహర్ష, భోజనాల బల్ల మీది లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా.

"ఎండిపోతే ఇలా లీక్ అవదు హర్షా. లోపల పట్టించిన సీజనింగ్ మొత్తం పోయింది. కావాలంటే స్మెల్ చూడు."

శ్రీహర్ష లేచి వచ్చి సంచి దగ్గర ముక్కు పెట్టాడు. ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. చిన్నప్పుడు ఆదివారం ఆదివారం కళ్ళు మండించిన వాసన అది. అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"కుంకుడుకాయ," అన్నాడు, తల్లి వైపు తిరిగి.

వంటింట్లో శకుంతల చేతిలో సగం చెక్కు తీసిన బీరకాయ ఉంది. కార్తీక సోమవారం. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్ళతో ఉంది. చుక్క పొడిస్తే అన్నం తినాలి. కిటికీలోంచి చూస్తే కెనడాలోని ఈ కేంబ్రిడ్జ్ ఆకాశం మీద మంచు మబ్బు దుప్పటిలా కప్పుకుని ఉంది. ఈ పూట చుక్క కనబడే ఆశ లేదు.

"నేనే కడిగినా," అంది.

తేజశ్రీ వాయిద్యాన్ని పసిబిడ్డను దించినట్టు సోఫా మీద పడుకోబెట్టి, దాని పక్కనే నేల మీద కూర్చుంది.

మొన్న గురువారం, అద్దెకివ్వడం కోసమని శ్రీహర్ష బేస్‌మెంట్ ఖాళీ చేశాడు. పాత సామానంతా, ఊరికే ఇచ్చినవి తీసుకుని అమ్మే విరాళాల దుకాణానికి చేరింది. తేజశ్రీ బ్యాగ్‌పైప్ పెట్టె మాత్రం పైకి, శకుంతల గదిలోకి వచ్చింది. మూత తీస్తే పుల్లటి వాసన. మర్నాడు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి శకుంతల ఆ పని పెట్టుకుంది. గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు పొడి పిసికి సంచిలో పోసి, ఊపి, వంపింది. గోధుమరంగు జిగురు బద్దలు బద్దలుగా బయటికి వచ్చింది. ఎన్నాళ్ళ మురికో అనుకుంది. అది పోయేదాకా నాలుగు నీళ్ళు మార్చింది. నీడన ఆరబెట్టి, పైన ఆముదం రాసి, కోడలు చూసి మురిసిపోతుందని పెట్టెలో సర్దింది.

"అది మురికి కాదత్తయ్యా," అంది తేజశ్రీ నేల వైపే చూస్తూ. "తోలుకి చిల్లులుంటాయి కదా, కంటికి కనబడనివి. కుట్టుకి కూడా. అవన్నీ ఆ జిగురే మూసి ఉంచుతుంది. మా గురువు మర్డో చేత్తో పట్టించిన జిగురు. ఏళ్ళ తరబడి."

"నీకెందుకమ్మా ఇవన్నీ?" అన్నాడు శ్రీహర్ష. "అడిగి చెయ్యొచ్చు కదా. ఆ వాయిద్యం గురించి నీకేం తెలుసని?"

ఆ చివరి మాట శకుంతలకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. జవాబు చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా మూసుకున్న నోరు అది. అలవాటైపోయింది.

"రేపు పొద్దున పదకొండుకి," అంది తేజశ్రీ. మిగతాది చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలుసు.

రేపు నవంబరు పదకొండు. యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే రోజు. ఊళ్ళో స్మారకస్తంభం దగ్గర రెండు నిమిషాల మౌనం పాటిస్తారు. అది ముగిశాక ఒక్క బ్యాగ్‌పైప్ మోగుతుంది. నలభై నాలుగేళ్ళుగా అక్కడ వాయించినవాడు మర్డో మెకాస్కిల్. విన్నిపెగ్‌లో బడి బ్యాండులో నేర్చుకున్న నాలుగు పాటలతో, పెళ్ళయి ఈ ఊరొచ్చిన తేజశ్రీని తొమ్మిదేళ్ళు కూర్చోబెట్టి పైపర్‌ని చేసింది ఆయనే. ఇప్పుడు ఆయన ఊపిరితిత్తులు పనిచెయ్యడం లేదు. ముక్కులో ఆక్సిజన్ గొట్టంతో వృద్ధుల నివాసంలో ఉన్నాడు. నెల కిందట తాతలనాటి వాయిద్యాన్ని తేజశ్రీ ఒళ్ళో పెట్టి ఒక్కటే కోరాడు.

"నలభై నాలుగేళ్ళు దీన్ని చంకలో పెట్టుకునే విన్నాను. చెవి పక్కన మోగేది వేరు, దూరం నుంచి వినేది వేరు. ఒక్కసారి బయట కూర్చుని నా వాయిద్యాన్ని నేను వినాలి."

"ఇంకోటి తెచ్చుకోలేవా?" అన్నాడు శ్రీహర్ష మెత్తగా.

"ఇన్నాళ్ళు వాయించిన బ్యాండు పైపు తిరిగిచ్చేశా. బ్యాండు వాళ్ళందరికీ రేపు తలో ఊళ్ళో డ్యూటీ. పైపుల సామానమ్మే షాపు సోమవారం మూత. అయినా ఇంకోటి వాయిస్తే ఆయన వినాలనుకున్నది అది కాదు కదా." తేజశ్రీ ఫోను తీసింది. "కమిటీ వాళ్ళకి చెప్పేస్తా. రికార్డు వేసుకుంటారు."

"ఆగమ్మా," అంది శకుంతల. "ముందు మర్డోగారికి ఫోను చెయ్యి."

"వద్దత్తయ్యా. ఈ సంగతి వింటే ఆయన గుండె ఆగిపోతుంది."

"రేపు అక్కడికొచ్చి రికార్డు వింటే మాత్రం ఆగదా? నువ్వు చెయ్యి. తప్పు నాదని నా నోటితోనే చెప్తా. నీ మీద మాట రానియ్యను."

"మీ ఇంగ్లీషుతోనా?"

"నేను తెలుగులో చెప్తా. నువ్వు ఇంగ్లీషులో చెప్పు. ఏమీ దాచొద్దు."

తేజశ్రీ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత నంబరు నొక్కి, ఫోను స్పీకర్లో పెట్టి, బల్ల మీద ఉంచింది.

మర్డో గొంతు ముందు దగ్గుగా వచ్చి, తర్వాత మాటగా మారింది. శకుంతల చేతులు కట్టుకుని నిలబడే చెప్పింది, ఆయన ఎదురుగా ఉన్నట్టు. గొట్టాలు లాగి బిరడాలు పెట్టడం, గోరువెచ్చని నీళ్ళు, కుంకుడు పొడి, నాలుగు కడుగులు, ఆముదం. ఏదీ వదల్లేదు. తేజశ్రీ ఒక్కొక్కటే ఇంగ్లీషులో అప్పజెప్పింది.

అవతల ఆక్సిజన్ యంత్రం చప్పుడు మాత్రం లయగా వినబడుతోంది.

తర్వాత నవ్వు మొదలైంది. నవ్వు దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. పక్కనెవరో నర్సు వచ్చి ఏమైందని అడగడం కూడా వినబడింది.

"ఆయన అంటున్నారు," తేజశ్రీకి కూడా పెదవి మీద నవ్వు లాంటిది వచ్చింది, "వాళ్ళమ్మ కూడా ఒకసారి ఇదే పని చేసిందట. బట్టల సబ్బుతో. వాళ్ళ నాన్న మూడు రోజులు అన్నం తినలేదట. కుంకుడుకాయంటే ఏంటో తెలీదు కానీ, సబ్బు కన్నా మెత్తనిదైతే తోలు బతికే ఉంటుంది, భయపడొద్దు అంటున్నారు."

శకుంతల కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది.

మర్డో ఒక్కొక్కటే చెప్పాడు. తేజశ్రీ కవరు వెనక రాసుకుంది. కప్పు తేనె. కోడిగుడ్డు తెల్లసొన ఒకటి, నురగ రాకుండా గిలకొట్టి. మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ రెండు చెంచాలు. గోరువెచ్చగా చేసి లోపల పోసి, గంటసేపు పిండి పిసికినట్టు పిసకాలి, కుట్టు దగ్గర ఇంకా ఎక్కువ. మిగిలింది వంపేసి తెల్లారేదాకా వేలాడదియ్యాలి. తమ తాత పద్ధతి అదేనన్నాడు. డబ్బాలో అమ్మేదానికంటే నమ్మకమైనదన్నాడు.

అంతా అయ్యాక ఇంకో మాట అడిగాడు. తేజశ్రీ కాస్త ఆగి తెలుగులో చెప్పింది.

"అత్తయ్యా, ఆయనకొక డౌట్. తెలియని మనిషైతే పైన గుడ్డతో తుడిచి ఊరుకుంటుందట. మీరు గొట్టాలు లాగి, చిల్లులకి బిరడాలు పెట్టి, కుట్టు చెడకుండా లోపల కడిగారు. అది ఇదివరకు తిత్తిని పట్టుకున్న చెయ్యి అంటున్నారు. ఎక్కడ నేర్చుకున్నారని అడుగుతున్నారు."

ఏమీ దాచొద్దని తనే అంది కదా.

శకుంతల కొడుకు వైపు చూడలేదు. ఫోను వైపే చూస్తూ చెప్పింది.

"మా నాయన తిత్తి ఊదేవాడు."

తేజశ్రీ ఇంగ్లీషులో చెప్పబోయి ఆగిపోయింది. "ఏంటత్తయ్యా?"

"చెప్పమ్మా ఆయనకి. మా మదనపల్లె పక్క భాగోతాలాడే మేళంలో మా నాయన శ్రుతి. మేకతోలు తిత్తి. దానికి ఊదే గొట్టమొకటి, మోగే గొట్టమొకటి. పాడేవాళ్ళు పాడుతుంటే, ఆడేవాళ్ళు ఆడుతుంటే, వెనకాల కూర్చుని తెల్లార్లూ ఒకటే శ్రుతి నిలబెట్టేవాడు. ఆట మొదలెట్టే కాలానికి ముందు దాన్ని కుంకుడు రసంతో కడిగి ఆముదం పట్టించేది నేనే. దానిలోపల ఏ జిగురూ ఉండేది కాదు. ఇదీ అట్లాంటిదే అనుకుంటిని."

తేజశ్రీ చెప్పింది.  మర్డో వింటున్నాడని ఆ యంత్రం చప్పుడే చెబుతోంది.

"అందుకేనా," అంది తేజశ్రీ ఫోను సంగతి మరిచిపోయి, "నేను కింద ప్రాక్టీస్ చేస్తుంటే మీరు బట్టల బుట్ట ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేది? మడతలు పెడుతున్నారనుకున్నా."

"ఆరేళ్ళుగా అవే బట్టలు మడతపెడుతుంటి."

శ్రీహర్ష కుర్చీ వెనక్కి జరిగింది.

"తాతయ్య పంచాయితీ ఆఫీసులో గుమస్తా అని చెప్పావు," అన్నాడు.

"చెప్పినా."

"బడిలో వ్యాసం రాయించారు నాతో. మా తాతయ్య అని. పంచాయితీ ఆఫీసు, నీలం సిరా, కళ్ళజోడు. అవన్నీ నువ్వే చెప్పావు."

"మీ నాన్న వాళ్ళది ఉద్యోగస్థుల ఇల్లు. భాగోతాల మేళం సంగతి ఈ గడపలో ఎత్తొద్దని పెళ్ళినాడే చెప్పిరి. ఎత్తలేదు. నీ మొదటి పుట్టినరోజుకి మా నాయన వచ్చినాడు, తిత్తి సంచిలో పెట్టుకుని. మనవడికి వినిపిస్తానన్నాడు. పెరట్లో కూర్చోబెట్టి అన్నం పెట్టి పంపినా. వినిపించనియ్యలేదు."

"నాన్న పోయి పదేళ్ళయింది. ఇక్కడికొచ్చి ఆరేళ్ళు. ఇప్పుడెవరున్నారు నిన్ను కాదనడానికి?"

 శ్రీహర్ష కాసేపు నిలబడి చూశాడు. తర్వాత మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. తలుపు విసురుగా వేసి ఉంటే ఆమెకు కొంత నయంగా ఉండేది. చప్పుడు కాకుండా వేసుకున్నాడు.

ఫోనులో మర్డో మెల్లగా ఏదో అన్నాడు.

"మీకు థాంక్స్ చెప్పమంటున్నారు," అంది తేజశ్రీ. "పాట ఎవరైనా గుర్తుపెట్టుకుంటారు, వెనకాల శ్రుతి పట్టినవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు, మీరు పెట్టుకున్నారు అంటున్నారు."

తేనె సీసా పూజగదిలో ఉంది. ఈ నెలంతా శివుడి అభిషేకానికని కొన్నది. శకుంతల దండం పెట్టి తీసుకొచ్చింది.

గ్లిజరిన్ తేజశ్రీ మడమల పగుళ్ళకు రాసుకునే సీసాలో దొరికింది. గుడ్డు దగ్గర మాత్రం ఇద్దరూ ఆగారు.

"ఇవాళ సోమవారం. మీరు ముట్టుకోవద్దు, నేను కొడతాలే."

"ఇట్లా తే. చెడగొట్టిన చేతులు నావి. బాగుచెయ్యాల్సిందీ ఇవే. శివుడికి నేను చెప్పుకుంటా."

తెల్లసొన గిన్నెలోకి జారింది. శకుంతల ముఖం కొద్దిగా చిట్లించింది. తేజశ్రీకి ఆ రోజులో మొదటిసారి నిజంగా నవ్వొచ్చింది.

నేల మీద పాత దుప్పటి పరుచుకుని అత్త సంచి పిసుకుతోంది. కోడలు ఒకవైపు బిగించి పట్టుకుంది. జిగురు కుట్టులోంచి బొట్లు బొట్లుగా పైకి ఊరుతోంది. ఊరిన చోటల్లా శకుంతల బొటనవేలితో నొక్కుతోంది. వేళ్ళకు తమంతట తామే దారి తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆ పనికి దూరంగా ఉన్న వేళ్ళు అవి.

"కోపం పోయిందా?" అంది తలెత్తకుండా.

"పోలేదు. తగ్గింది."

"నీకు నేను మొక్కాలమ్మా. నేనొచ్చిన మొదటి వారం నువ్వు కింద వాయిస్తుంటివి. ఈ దేశంలో ఇంక నాకు తెలిసిన చప్పుడేదీ ఉండదనుకుని దిగినా. ఆ చప్పుడు విన్నాక పెట్టె సర్దుకుని తిరిగిపోవాలన్న మాట మళ్ళీ అనుకోలేదు."

తేజశ్రీ లేచి పెరుగన్నం కలిపి తెచ్చింది.

"చుక్క రాలేదింకా," అంది శకుంతల.

"రాదు కూడా. స్నో పడుతోంది. దేవుడి దగ్గర దీపం చూడండి. మీరే చెప్పారు కదా, మబ్బుంటే దీపం చూసి తినొచ్చని."

శకుంతల రెండు చేతులూ మోచేతుల దాకా తేనె. వంగి పూజగది వైపు చూసింది. ఒత్తి నిలకడగా వెలుగుతోంది. కోడలు చెంచాతో అన్నం నోటికి అందించింది. ఆమె తింది. కన్నతల్లి పోయాక ఎవరైనా తినిపిస్తే అన్నం తినడం అదే మొదలు. ఆ మాట పైకి అనలేదు. రెండో ముద్దకు మళ్ళీ నోరు తెరిచింది.

శ్రీహర్ష కంచం మూత కిందే చల్లారిపోయింది.

మర్నాడు పొద్దున సంచి నిలిచింది.

తేజశ్రీ ఊది, చంకలో నొక్కిపట్టి, ఇరవై అంకెలు లెక్కపెట్టింది. గాలి కాస్తయినా జారలేదు. శకుంతల సోఫా పట్టుకుని కూర్చుండిపోయింది. శ్రీహర్ష వచ్చి కారు తాళాలు తీసుకున్నాడు. "పదండి," అన్నాడు. ఆ మాట ఇద్దరికీ కలిపి అన్నాడో, భార్యకే అన్నాడో తెలియలేదు.

స్తంభం చుట్టూ జనం కోట్ల మీద, పోయినవాళ్ళ గుర్తుగా, ఎర్రని గసగసాల పువ్వులు పెట్టుకుని నిలబడ్డారు. ముందు వరుసలో చక్రాల కుర్చీలో మర్డో. మోకాళ్ళ మీద గళ్ళ దుప్పటి, ముక్కులో గొట్టం. శకుంతలను చూసి పక్కనే చోటు చూపించాడు.

గడియారం పదకొండు కొట్టింది. రెండు నిమిషాలు పసిపిల్లలు కూడా కదల్లేదు. మంచు రాలుతున్న చప్పుడు వినబడేంత మౌనం. ఇంట్లో రాత్రినుంచి ఉన్న మౌనానికీ దీనికీ ఎంత తేడా అనుకుంది శకుంతల. ఇందులో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరికోసం నిలబడి ఉన్నారు.

తేజశ్రీ సంచిని అరచేత్తో ఒక్కటి చరిచింది. మూడు గొట్టాలూ ఒకేసారి, ఒకే శ్రుతిలో లేచాయి. ఆ శ్రుతి మీద పాట నడిచింది. శోకపు పాట, తొందర లేని పాట. శకుంతల పాట వినలేదు. దాని కింద మారకుండా నిలబడ్డ శ్రుతినే విన్నది, చివరిదాకా.

మర్డో కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఆయన వేళ్ళు పాటతోపాటు లేస్తూ పడుతూ ఉన్నాయి. పాట ముగిసినా కాసేపు ఆగలేదు.

జనం కదిలాక ఆయన శకుంతల చెయ్యి పట్టుకుని ఏదో అడిగాడు. తేజశ్రీ దూరంగా ఎవరితోనో ఉంది. శకుంతలకు అర్థం కాలేదు. అటూ ఇటూ చూసింది.

"బయటినుంచి వింటే తను అనుకున్నదానికంటే బావుందట," అన్నాడు వెనకనుంచి శ్రీహర్ష. రాత్రినుంచి తల్లితో అతను నేరుగా అన్న మొదటి మాట అది. "మీ నాన్నగారి తిత్తి ఇప్పుడెవరి దగ్గరుందని అడుగుతున్నారు."

శకుంతల కొడుకు వైపు తిరిగింది. "నా దగ్గరే ఉంది నాయనా. ఆయన పోయినప్పుడు మా తమ్ముడు తెచ్చిచ్చినాడు. నాతోనే తెచ్చుకుంటిని." మఫ్లర్ కిందనుంచి నల్లదారం లాగింది. దాని చివర చిన్న తాళంచెవి. "మన బేస్‌మెంట్‌లోనే. ఎర్ర సూట్‌కేసులో."

శ్రీహర్ష ముఖంలో రంగు పోయింది.

"చక్రాల్లేనిది? తాళం వేసి ఉన్నది?"

"అదే."

"గురువారం నిన్ను అడిగాను కదమ్మా, పాత సూట్‌కేసులు ఇచ్చేస్తున్నానని."

"విరిగిపోయినవేమో అనుకుంటిని. తాళం వేసిన పెట్టె నాదని నీకు తెలుసు కదా అనుకుంటిని."

"తాళంచెవి పోయిన పాత పెట్టేమో అనుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.  అతని మీద కోపం తెచ్చుకోవడానికి ఆమెకు చోటెక్కడ ఉంది? లోపల ఏముందో ఇన్నేళ్ళలో ఒక్కసారి చెప్పి ఉంటే ఆ పెట్టె ఇల్లు దాటేదే కాదు.

శ్రీహర్ష గడియారం చూసుకున్నాడు. పదకొండు నలభై.

"ఇవాళ ఆ విరాళాల దుకాణం పన్నెండున్నరకి తెరుస్తారు," అన్నాడు. మర్డోకి రెండు ముక్కల్లో సంగతి చెప్పాడు. ముసలాయన వాళ్ళను వెంటనే వెళ్ళమన్నట్టు దుప్పటిలోంచి చెయ్యి ఊపాడు. నర్సు వచ్చేదాకా తేజశ్రీ ఆయన దగ్గర ఉంటానంది.

దారంతా గడ్డకట్టి ఉంది. శ్రీహర్ష నాలుగు అడుగులు ముందుకు వేసి, ఆగి, వెనక్కి వచ్చి తల్లి మోచెయ్యి పట్టుకున్నాడు. కారు దాకా వదల్లేదు.

"తెరిచేలోగా చెప్పు," అన్నాడు కారు తిప్పుతూ. "ఆ మోగే గొట్టం ఎంత పొడుగుంటుంది? వాళ్ళు పెట్టె పగలగొట్టి ఉంటే అది నేను గుర్తుపట్టాలి కదా."

శకుంతల రెండు అరచేతులూ దూరంగా జరిపి చూపించింది. మళ్ళీ కొంచెం దగ్గరికి జరిపింది. ఆ చేతులకు ఇంకా తేనె వాసన వేస్తూనే ఉంది.